జీడిపిక్కల శకటం

ఆఫీసు పని మీద పలాస వెళ్లినప్పుడల్లా, బస్సు ఊళ్లోకి తిరక్కముందే జీడిపిక్కల తొక్క కాలిన వాసన కిటికీలోంచి వస్తుంది. పక్కవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం అద్దం ఇంకొంచెం జరుపుతాను. అది మా అమ్మ చేతుల వాసన.

అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసేది. కాలితో మీట తొక్కుతూ, పిక్కను కత్తుల మధ్య పెట్టి, రోజంతా అదే పని. ఎంత ఆముదం రాసుకున్నా తొక్కలోని జీడిరసం అంటి అరచేతులు నల్లబడి పొరలు లేచేవి. అన్నం కలిపి పెట్టినా, జడ వేసినా ఆ వాసనే. బళ్లో నా జడ వాసనకి పిల్లలు దూరంగా జరిగితే నాకు అమ్మమీదే కోపం వచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు రాష్ట్ర అవతరణ దినోత్సవానికి టెక్కలిలో శకటాలు తిప్పుతారనీ, జీడి శకటం మీద కూర్చోవడానికి అమ్మను కూడా ఎంచారనీ తెలిసింది. దూరం జరిగిన పిల్లలందరికీ మా అమ్మ ఊరేగబోతోందని చెప్పుకుని తిరిగాను. ముందురోజు అమ్మ నా గౌను ఉతికి ఆరేస్తూ అంది.

“ఈ ఎర్రదే ఏసుకోవే. బస్టాండు మలుపుకాడ ఉండండి. నాను నిన్నే సూత్తాను.”

ఆ మాట పట్టుకునే తెల్లవార్లూ దొర్లాను. అమ్మ చీకటితోనే వెళ్లిపోయింది. కొబ్బరాకుల మీంచి మంచు చుక్కలు చుక్కలుగా రాలుతుండగా నాన్న, నాన్నమ్మ, నేను మా ఉద్దానం ఇసకదారిలో నడిచి బస్సెక్కాం. నాన్నమ్మ ఒళ్లో అటుకులు, బెల్లం, కొబ్బరిముక్కల మూట. నేను ఒక్క పిడికెడైనా తినలేదు, గౌను మీద బెల్లం మరక పడుతుందని.

టెక్కలి బస్టాండు మలుపులో నిలబడ్డాం. ముందు భావనపాడు వాళ్ల పడవ లారీ మీద వచ్చింది, వెనక నౌపడ ఉప్పుకుప్ప. ఆ తర్వాత జీడికొమ్మలు కట్టిన ట్రాక్టరు, దాని మీద కొత్త చీరల్లో ముగ్గురు ఆడవాళ్లు. ఊరికే కూర్చుని నవ్వుతూ చేతులూపమని వాళ్లకి చెప్పారట. ఇద్దరు ఊపుతున్నారు. అమ్మ ముందు మాత్రం నిజం మిషనే, నిజం పిక్కలే. చేతికి పిక్క తగలగానే కాలు దానంతటదే మీట మీదికి పోయినట్టుంది. తల వంచుకుని టకటకా కోసేస్తోంది.

నాన్న నన్ను భుజాల మీదికి ఎక్కించాడు. “అమ్మా” అని గొంతు చించుకున్నాను. బాజాల మోత. అమ్మ పాపిట మాత్రమే కనబడింది, ఆ తర్వాత వీపు, ఆ తర్వాత ట్రాక్టరు వెనక చెక్క.

“ఊరేగించినా పని ఒగ్గదు నా కోడలు” అని నాన్నమ్మ నవ్వింది. అంత జనంలో, నాన్న భుజాల మీద, నేను ఒక్కదాన్నే అయిపోయాను.

తిరుగు బస్సులో అమ్మ పక్కన కూర్చుని అడిగాను, ఎందుకు చూడలేదని.

“సెయ్యి మీంచి కళ్లు తీత్తే ఏలు పోద్దే” అంది. మళ్లీ తనే, “నువ్వు పిలిసినావేటి?” అంది.

“శానాసార్లు పిలిసినాను.”

అమ్మ నా తలమీద చెయ్యి వేసింది. కొత్త చీర కట్టుకున్నా అదే వాసన. నేను ఆ చెయ్యి విసిరికొట్టి నాన్న దగ్గరికి పోయి కూర్చున్నాను. బస్సు దిగేదాకా అమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూనే ఉంది.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. కాలి మిషన్ల చోట కరెంటు యంత్రాలు వచ్చాయి. నేను టెక్కలిలోనే ఒక గదిలో ఉంటాను. నా జడ నేనే వేసుకుంటాను, ఏ వాసనా ఉండదు. మొన్న నవంబరులో శకటాలు వస్తున్నాయంటే అదే మలుపుకి వెళ్లి నిలబడ్డాను. జీడి శకటం మీద ఈసారి మనుషులు లేరు. పాత కాలి మిషను ముందు, బట్టల కొట్లో ఉండేలాంటి బొమ్మకి చీర కట్టి కూర్చోబెట్టారు. దాని చేతులు తెల్లగా ఉన్నాయి. తలెత్తి, నవ్వుతూ, ఒక చెయ్యి జనానికి ఊపుతున్నట్టు పెట్టారు. నా ముందుకి వచ్చేసరికి అది సూటిగా నన్నే చూసింది. నేను తల దించుకున్నాను.