పెండ్లిలో చావు పాట వాయించిన బ్యాండు మాస్టరు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు! నాకు వాయించడం వచ్చు గాని మాట్లాడటం రాదు, నా మాటలు ముందువెనుకలైతే క్షమించండి, ఎందుకంటే నాకు జరిగింది నాకే ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల ఇంట్లో పెండ్లి, పొద్దున్నే పెండ్లికొడుకు ఎదురుకోలు, నేను బ్యాండుకు ముందు నిలబడి అకార్డియన్ ఎత్తాను, ఎత్తి చావు పాట వాయించాను! సమాధుల తోటకు శవాన్ని తీసుకుపోయేటప్పుడు వాయించే కీర్తన అది. సారాయి మత్తులో నా వేళ్లు ఏం చేస్తున్నాయో నాకు తెలియదు. నా వెనకున్న పదిమందీ అలవాటు కొద్దీ అందుకున్నారు, ముత్తైదువుల చేతుల్లో హారతి పళ్లేలు ఆగిపోయాయి.

పెండ్లికూతురి నాయన పరుగున వచ్చి నా కోటు పట్టుకున్నాడు. "ఏమప్పా, పెండ్లికి వచ్చినావా, సావుకు వచ్చినావా?" అన్నాడు. మా పెద్ద డ్రమ్ము వాయించే మస్తాన్ అడ్డం నిలబడకపోతే ఆ రోజు నన్ను కొట్టి ఉండేవారు.

నా పేరు యేసురత్నం, మాది పెనుకొండ. మిషన్ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక జర్మనీ అయ్యగారు నాకు అకార్డియన్ నేర్పారు, కీర్తనలతో పాటు తన దేశపు పోల్కా కూడా నేర్పారు. పోల్కా అంటే రెండు దెబ్బల తాళం, వింటే ముసలివాళ్ల కాళ్లు కూడా ఊరికే ఉండవు! ఆయన స్వదేశం వెళ్లిపోతూ ఆ వాద్యాన్ని నాకే ఇచ్చారు. డెబ్బైలలో నేను హిందూపురంలో బ్యాండు పెట్టాను, ట్రంపెట్లు, క్లారినెట్లు, ఎర్రకోట్లు, "జర్మనీ బ్యాండు వస్తేనే పెండ్లి" అనేవారు జనం, ఆ పేరు నా తలకెక్కింది, ఆ వెనకే సారాయి ఎక్కింది.

ఆ పెండ్లి తరువాత, సహోదరులారా, నా తలలో పాటలన్నీ కలిసిపోయాయి. పోల్కా మొదలుపెడితే చావు కీర్తన వచ్చేది. ఇది శాపమా, సాతాను పనా, జబ్బా? ఆ ఇంటికి కీడు తెచ్చానేమో, ఆ బిడ్డ పసుపుకుంకాలు ఏమయ్యాయో అని లోలోపల వణికేవాణ్ణి. మా పాస్టరుగారు లోక సంబంధమైన వాయిద్యం మానమన్నారు, నేను బ్యాండు మానేశాను. మస్తాన్ మాత్రం, "మాస్టరూ, నువ్వు ఇడిసిపెట్టాల్సింది బ్యాండును కాదప్పా, సీసాను," అన్నాడు. నాకు ఎవరి మాట వినాలో తెలియలేదు, తెలియక ఇంకా తాగాను.

ఒక ఆదివారం మందిరంలో హార్మోనియం వాయించేవారు రాలేదు, నన్ను పిలిచారు. తాగే వెళ్లాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు పాడే కీర్తనకు నా చేతుల్లో నుండి పోల్కా వచ్చింది! పిల్లలు నవ్వారు, పెద్దలు తలలు వంచుకున్నారు, నా భార్య సుగుణమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. ఇంటికి పోతే ఆమె ఏడవలేదు, ఒక్క మాటే అంది. "పాటలు యాడికీ పోలేదు. పోయింది నువ్వు."

ఆమె, మస్తాన్ కలిసి నన్ను కనగానపల్లిలో మా బావమరిది శెనక్కాయ చేనికి తీసుకుపోయారు. సారాయి దొరకని చోటు. ఒళ్లంతా వణుకు, లేని పాములు గోడ మీద కనిపించేవి, డాక్టరు వచ్చి సూదులు వేసేవాడు. ఒక పక్క సుగుణమ్మ మోకరించి ఉండేది, ఇంకో పక్క మస్తాన్ తన నమాజు చేసుకుని వచ్చి నా కాళ్లు పట్టుకుని కూర్చునేవాడు. నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, నేను యాడ తప్పిపోయినానో నాకే తెలీదు, నువ్వే ఎతుక్కో తండ్రీ!"

దేవునికే మహిమ! పదకొండో రోజు వణుకు నిలిచింది. ఆకలి వేసింది. రాగిసంగటి తిన్నాను. దేవుడు నా కోసం మస్తాన్ చేతులను ఎందుకు వాడుకున్నాడో అడిగితే నేను జవాబు చెప్పలేను, కాని ఆ చేతులు లేకపోతే నేను ఈ రోజు మీ ముందు లేను.

బలం వచ్చాక ధర్మవరం వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టాను. తీసింది పుట్టింటికి వచ్చిన ఆ పెండ్లికూతురే, చంకలో బిడ్డ, మెడలో తాళి! గడపలోనే కూలబడి ఏడ్చాను. లోపల మగ్గం ఆగింది, ఆమె నాయన బయటికి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "మా బిడ్డ బాగానే ఉండాది, నువ్వు ఎందుకప్పా ఇట్లయినావు? లేయ్, లోపలికి రా," అన్నాడు. అన్నేళ్లు నేను మోసిన భయం ఆ గడపలోనే దిగిపోయింది.

ఇప్పుడు మళ్లీ వాయిస్తున్నాను, మందిరంలోనూ, పెండ్లిళ్లలోనూ, ఏ పాట మొదలుపెడితే ఆ పాటే వస్తోంది. పాస్టరుగారికి పెండ్లిళ్లు ఇంకా ఇష్టం లేదు, ఆయనది తప్పో నాది తప్పో నాకు తెలియదు, రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. తెలిసింది ఒక్కటే, నేను ప్రభువును వెతకలేని స్థితిలో ఉన్నప్పుడు ఆయనే నన్ను వెతికాడు.

కాబట్టి ఈ మాటలు వింటున్న తమ్ముడా, చెల్లీ, అంతా అర్థమయ్యాక మొక్కుదామని ఆగవద్దు. తల తిరుగుతుంటే తిరుగుతున్న తలతోనే రండి. ఆయన తోసివేయడు. ఆయనకే స్తోత్రం, ఆమేన్!