కొండెక్కే సైకిలూ, బోరబండ మామ్మా

ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న కొత్తలో మా హైటెక్ సిటీలో మనిషిని వాడి హోదాతో కాక వాడి సైకిల్‌తో కొలిచే కాలం ఒకటి కొన్నాళ్లు నడిచింది. అంతవరకు ఇళ్లలో కూర్చుని లావెక్కిన వాళ్లమంతా ఒక్కసారిగా ఆరోగ్యం మీద పడ్డాం. లిఫ్టులో కలిసినా, క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటు ముందు కూర్చున్నా అవే మాటలు. ఎన్ని గేర్లు, ఏ బ్రేకులు, పొద్దున ఎంత దూరం తొక్కావు. నాకు అప్పటికి పెళ్లి కాలేదు. కొత్త ఉద్యోగం, హఫీజ్‌పేట్‌లో స్నేహితుడితో కలిసి తీసుకున్న కిరాయి ఫ్లాటు, నెల తిరిగేసరికి జీతం. (దేవుడు ఇన్ని దీవెనలు ఒకేసారి కురిపించినప్పుడు వాటితోపాటు కాస్త వివేకం కూడా ఇమ్మని అడగాలన్న ఆలోచన ఆ వయసులో ఎవరికీ రాదు.)

నాది మామూలు సైకిలు. వారాంతాల్లో మా ఆఫీసు బృందం ఊరి బయటి రాళ్లగుట్టలకు బయల్దేరితే, నేను గుట్ట మొదలుకు చేరేసరికి మిగతావాళ్లు పైకెక్కి, ఫొటోలు దిగి, టీ కూడా తాగి కిందికి వస్తూ ఎదురయ్యేవారు. బృందానికి పెద్ద మా టీమ్ లీడ్, కాకినాడ మనిషి. అందరం ఆయన్ని కెప్టెన్ అనేవాళ్లం. "మీరు బాధపడకండి. కాళ్లలో బలం కొందరికి పుట్టుకతోనే ఉండదండి. మోటారున్న బండి తీసేసుకోండి," అన్నాడాయన ఒకరోజు, ఆపరేషన్ తప్పదని చెప్పే డాక్టరంత దయగా. అలా నా బుర్రలోకి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ దూరింది. మనం తొక్కుతుంటే మోటారు తోడు తొక్కుతుంది. లావుపాటి టైర్లు రాళ్లను లెక్కచేయవు. ఎంత ఎత్తయినా ఆయాసం లేకుండా ఎక్కేయొచ్చు. నాలాంటివాడికోసమే ఎవరో మోకాళ్లూని ప్రార్థించి తయారుచేసినట్టుంది.

పోలికలు మొదలయ్యాయి. వడపోతలన్నీ అయ్యాక రెండు బండ్లు మిగిలాయి. మొదటిదానికి ముందు చక్రం దగ్గర మాత్రమే షాక్ అబ్జార్బర్లు, వెనకంతా గట్టి ఇనుపకడ్డీలా ఉండేది. రెండోదానికి ముందూ వెనకా కూడా ఉండేవి, గుంతలో పడితే బండి మొత్తం ఒంటెలా ఊగి లేచేది. మొదటిదాని బ్యాటరీ పెద్దది, రెండోదాని మోటారు బలమైనది. ఎక్సెల్‌లో వరసలు పెట్టి, రంగులు పులిమి, మార్కులు వేస్తే రెండింటికీ సమానంగా వచ్చాయి. మార్కులు మార్చి వేస్తే మళ్లీ సమానంగానే వచ్చాయి. మాది ప్రార్థన చేయకుండా చెప్పులు కూడా కొనని ఇల్లు. సండే స్కూలు బెంచీల మీద పెరిగినవాణ్ణి. బైబిల్లో ఒక న్యాయాధిపతి కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి నాకు బాగా తెలుసు. నా దగ్గర గొర్రెబొచ్చు లేదు, ఫోనుంది. సోమవారం పొద్దున ఏ షాపు నుంచి ముందు ఫోనొస్తే ఆ బండే దేవుని చిత్తమని తీర్మానించుకుని, ఆదివారం రాత్రి ఉపవాసమున్నాను. సోమవారం పొద్దున మొదటి ఫోను వచ్చింది. పర్సనల్ లోన్ కావాలా సార్ అని ఒకమ్మాయి.

నా ఫ్లాటు స్నేహితుడిది కడప, మేం పిలిచే పేరూ అదే. నుదుట బొట్టు లేకుండా గడప దాటని హిందువు. నా భక్తిని గౌరవించేవాడు, నన్ను మాత్రం కాదు. "దేవుడు ఇంతకన్నా తేటగా ఏం చెప్తాడురా సామీ? అప్పు తీసుకో, రెండూ కొను అంటాండాడు," అన్నాడు.

చివరికి కెప్టెన్ మాట విని రెండోది కొన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. బండి ఇంటికి రాకముందే దానికి మెరుగులు మొదలుపెట్టాను. ట్యూబులేని వెడల్పాటి టైర్లు వేయించాను. ఉన్న సీటు గొట్టం తీయించి, హ్యాండిల్ మీద మీట నొక్కితే సీటు కిందికి దిగేది, పైకి లేచేది పెట్టించాను. బరువని స్టాండు పీకించాను. కడప బండి చుట్టూ తిరిగి చూశాడు. "స్టాండు ల్యా, మడ్‌గార్డు ల్యా, బెల్లు ల్యా. ఇన్ని ల్యాకుండా చేసేదానికేనా అన్ని దుడ్లు పోసింది?" అన్నాడు. వాడికి మౌంటెన్ బైక్ సంస్కృతి తెలియదని నేను జాలిపడ్డాను.

ఇక్కడ మా సంఘం వాడుక ఒకటి చెప్పాలి. మా మందిరం బోరబండలో, ఒక ఎత్తయిన బస్తీ కొసన ఉంటుంది. మాలో ఎవరు కొత్త బండి కొన్నా దాని ప్రథమ ఫలం దేవునిది. అంటే, మొదటి ఆదివారం ఆ బండి మీద నడవలేనివాళ్లను ఎవరినైనా ఆరాధనకు తీసుకురావాలి, ఆ తర్వాతే అది మన సొంతపనికి. స్కూటర్లు అలాగే వచ్చాయి, కార్లు అలాగే వచ్చాయి. కూరగాయలమ్మే ఒక అన్న తోపుడుబండి కూడా అలాగే వచ్చింది. నాకు ఈ వాడుక ఎంత ఇష్టమో చెప్పలేను. ఇష్టమైన వాడుక బండి కొనేటప్పుడు ఎందుకు గుర్తురాలేదో కూడా చెప్పలేను. ఎక్సెల్‌లో అన్ని గడులు గీశాను, వెనక ఎవరు ఎక్కడ కూర్చుంటారన్న గడి మాత్రం గీయలేదు.

పైగా బండి ఇంకా షాపులో ఉండగానే, ఒక ఆదివారం దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. దేవుడు నాకు బండి దయచేశాడని కూర్చుంటే సరిపోయేది. "అయ్యగారండీ, ఇది మామూలు సైకిలు కాదండీ. ఎలాంటి రాళ్లలోనైనా, ఎంత నిటారు ఎత్తయినా, గుంతలున్నా అలా వెళ్లిపోతుందండీ," అన్నాను. మా పాస్టరు అయ్యగారి ముఖం వెలిగిపోయింది. "ప్రభువుకు స్తోత్రం! దీనికోసమే కదా మనం కనిపెట్టుకుని ఉన్నది! వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. మన మామ్మగారిని సహోదరుడు తన పర్వత వాహనం మీద తీసుకొస్తాడు," అని ప్రకటించేశారు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. ఆమెన్ అయ్యాక కాదనడం మా దగ్గర లేదు.

మామ్మ మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ. వాగ్దాన వాక్యం చదువుతుంటే ఆవిడ కొట్టే హల్లెలూయకు పక్క బస్తీ కోళ్లు లేచేవి. మోకాళ్లు అరిగిపోయినా ఆటోలో ఠంచనుగా వచ్చేది. అయితే మందిరానికి వెళ్లే గల్లీని పైపులైను కోసం తవ్వి అలాగే వదిలేశారు. ఒకపక్క కందకం, ఇంకోపక్క రాళ్ల గుట్టలు, మధ్యలో ముగ్గురు ఒరుసుకుంటూ నడిచేంత దారి. ఆటోలు రావు, స్కూటర్లు జారిపోతాయి. నెలల తరబడి మామ్మ ఆరాధన ఫోన్లో వింటోంది. పాట వినొచ్చు, ప్రసంగం వినొచ్చు. ప్రభువు బల్ల దగ్గర అందరం కలిసి తీసుకునే రొట్టె ఫోన్లోంచి అందదు కదా. దానికోసమే ఆవిడ బెంగపెట్టుకుందని అందరికీ తెలుసు. అయ్యగారు ఇంటికి తెచ్చి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. "నలుగుట్ల కూసొని తినాలె. ఒక్కదాన్నే తింటే అది ఇంట్ల తిండి," అందట.

శనివారం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కడపా నేనూ పనిలోకి దిగాం. పాత సైకిలు క్యారియర్ ఊడదీసి కొత్తదానికి క్లాంపులతో బిగించాం. బిగించడానికి కొత్తదాంట్లో ఒక్క కన్నం లేదు. వెనక భాగం మొత్తం ఊగే బాపతు. మామ్మ బరువుకు నిలుస్తుందో లేదో చూద్దామని బియ్యం బస్తా తెచ్చి క్యారియర్ మీద పెట్టి, నేను ఎక్కి నాలుగు తొక్కులు తొక్కాను. ర్యాంపు దగ్గర చిన్న ఎత్తు ఎక్కగానే బండి వెనకభాగం కూలబడింది. క్యారియర్ టైరుకు రాసుకుంది, బస్తా పక్కకు ఒరిగి నేలకు తగిలి చిరిగి, సెల్లారంతా బియ్యం. "సామీ! అవ్వ పడిపాయరా!" అని కడప పెద్దగా అరిచాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏ అవ్వ సార్? యాడ వడ్డది? దవాఖానకు తీస్కపోదామా?" అని బండ్ల కింద వెతకసాగాడు. ఆ రాత్రి బియ్యం ఏరుకుంటూ నేను చేసిన ప్రార్థన చాలా క్లుప్తం.

ఆదివారం పొద్దున క్యారియర్ లేని బండి నడిపించుకుంటూ మామ్మ ఇంటికి వెళ్లాను. కడప కూడా వచ్చాడు. (ఆరాధనకు కాదట, అవ్వ ప్రాణానికి సాక్షిగా అట.) మామ్మ ఎప్పటినుంచి కూర్చుందో, గడప బయట కుర్చీలో తయారుగా ఉంది. తెల్లచీర, నూనె రాసి దువ్విన జుట్టు, ఒళ్లో గ్రంథం సంచి. నన్ను చూసి నవ్వింది. తర్వాత బండిని చూసింది. ముందునుంచి వెనకదాకా, వెనకనుంచి ముందుదాకా చూసింది.

"ఎనక సీటేది బిడ్డా?"

"లేదు మామ్మా. ఈ రకం బండికి ఉండదు."

ఆవిడ సంచి కొసను చేత్తో సవరించుకుంది. "గట్లనా. అయితే గీ వారం గూడ ఫోన్లనే. నువ్వు ఫికర్ జెయ్యకు, పో, నీకు టైమైతున్నది," అంది. తిట్టినా బాగుండేది. నేను అంతకాలం పోల్చిన మోటార్లూ బ్యాటరీలూ ఆ కుర్చీ ముందు నిలబడి నన్ను చూస్తున్నట్టు అనిపించింది.

కడప గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, వెనక సీటెందుకు నీకు? ముందర సీటుంది గదా. నువ్వు కూచో. వీడు నడుస్తాడు."

నేను వాడి వంక చూశాను. బండికి హ్యాండిల్ మీద ఒక బటన్ ఉంది, నొక్కి పట్టుకుంటే ఎవరూ తొక్కకుండానే మోటారు నెమ్మదిగా, మనిషి నడకంత వేగంతో బండిని లాగుతుంది. ఎక్కలేని ఎత్తులో దిగి నడిపించుకునేవాళ్ల కోసం పెట్టారు. నాలాంటి వీరుడికి దాని అవసరం రాదని అంతవరకు ముట్టుకోలేదు. మీట నొక్కి సీటును అడుగుకంటా దించాను. మామ్మ దాని మీద మడతపెట్టిన దుప్పటి వేయించుకుని, కాళ్లు రెండూ ఒకపక్కకు వేసి కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి నా ఎడమ భుజం మీద వేసింది. కడప అవతలి పక్కనుంచి వీపుకు చెయ్యి అడ్డం పెట్టాడు. బటన్ నొక్కాను. బండి తేనెటీగలా ఝుమ్మని కదిలింది.

"ఓయమ్మా, గిదేంది, తొక్కకుంటనే పోతున్నది! బిడ్డా, జర చూసుకో, కందకముంది!"

గల్లీ జనం తలుపుల్లోకి వచ్చారు. నా లావుపాటి టైర్లు నిజంగానే రాళ్లను లెక్కచేయలేదు. మామ్మ ఒంటె మీద రాణిలా ఊగుతూ అందరికీ వందనాలు చెబుతోంది. అంతా బాగానే ఉండగా ఒక పెద్ద రాయి వచ్చింది. ఆవిడ భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కొంచెం పైకి లేచింది. పట్టుకున్నది సీటు మీటను. నేను పెట్టించిన సీటు నమ్మకంగా తన పని తాను చేసింది. ఆవిడతోపాటు పైకి లేచింది.

"బిడ్డా! ఎత్తవడుతున్న! నేను ఎత్తవడుతున్న! హల్లెలూయ!"

(కడవరి దినాన విశ్వాసులు మేఘాల మీదికి ఎత్తబడతారని మా నిరీక్షణ. మామ్మ ఏళ్ల తరబడి దానికోసం సిద్ధంగా ఉంది.) మందిరంలో పాట ఆగిపోయింది. ఆ హల్లెలూయను గుర్తుపట్టి జనమంతా వాకిట్లోకి వచ్చారు, అందరికన్నా ముందు అయ్యగారు, చేతిలో కళ్లజోడుతో. "భయపడకండయ్యా, ఎవరూ యాడికీ పోలా. సీటు లేచింది అంతే," అని కడప ఆయాసపడుతూ ప్రకటించాడు. మా సంఘంలో వాడి మొదటి ప్రసంగం అది.

ఆ రోజు మామ్మ నలుగురి మధ్య కూర్చుని, రొట్టె ముక్కను రెండు చేతులా అందుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు తల ఎత్తలేదు. నేను కూడా తల వంచుకున్నాను, కళ్లు తుడుచుకోవడానికి అది వీలుగా ఉంటుంది కాబట్టి. వెనక బెంచీ దగ్గర కడప చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఆరాధన అయ్యాక సహోదరీలు వాడికి రెండు ప్లేట్ల పులావ్ పెట్టారు.

ప్రథమ ఫలం ఒక్క ఆదివారంతో తీరిపోవాలి. కానీ దీవెన ముగిసి బయటికి రాగానే మామ్మ, "వచ్చే ఆయితారం ఎన్ని గంటలకొస్తవు?" అని అడిగింది. కాదనే ధైర్యం నాకు లేదు, ఇష్టమూ లేదు. అలా ఆ గల్లీలో కందకం పూడ్చేదాకా ప్రతి ఆదివారం కెప్టెన్ బృందం గుట్టలెక్కుతున్న వేళకు నేను మామ్మ పక్కన నడుస్తున్నాను. "ఏమండీ, బండి ఎలా ఉంది? ఎత్తు ఎక్కుతోందా?" అని కెప్టెన్ అడిగితే, బ్రహ్మాండంగా ఎక్కుతోందండీ అనేవాణ్ణి. అబద్ధం కాదు. ఎవరు కూర్చుంటే ఎక్కుతోందో ఆయన అడగలేదు.

చివరికి పైపులు వేశారు, సిమెంటు రోడ్డు పోశారు. ఆ ఆదివారం మామ్మ కోసం వెళుతుంటే గల్లీ మలుపులో ఒక ఆటో నన్ను దాటి పైకి పోయింది. లోపల్నుంచి మామ్మ తల బయటపెట్టి, "రోడ్డైంది బిడ్డా! ఇగ నీకు పరేషాన్ లేదు. నువ్వు తొక్కుకుంట రా!" అంది. ఎంత సంతోషంగా అందో. నేను సీటు పైకి లేపి, ఎక్కి, తొక్కాను. మొట్టమొదటిసారి ఆ ఎత్తును బండి మీద కూర్చుని ఎక్కాను. మోటారు అద్భుతంగా పనిచేసింది, షాక్ అబ్జార్బర్లు ఉన్నాయో లేవో తెలియనంత మెత్తగా పోయింది. నేను నెలల తరబడి లెక్కలు కట్టి కోరుకున్న ప్రయాణం అదే. పైదాకా వెళ్లేసరికి నా ఎడమ భుజం మాత్రం ఏదో మరిచిపోయి వచ్చినట్టు తేలికగా అనిపించింది. ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కొండలెక్కడానికి బండి కొని, దాని పక్కన నడుస్తూ, చెమటతో తడిసి, అంతకన్నా సుఖంగా మళ్లీ ఏ కొండా ఎక్కనివాడు.