ఇరవై దాకా లెక్కపెట్టే ఆవిడ

మా తమ్ముడుండే ఇంట్లో పనిచేసే ఆవిడకి నేను మొదటి వారమే ఒక పేరు పెట్టాను. మహారాణి. నేనెప్పుడు వెళ్ళినా ఆవిడ కుర్చీలోనే ఉండేది. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, కదలకుండా మెదలకుండా, ఎదురుగా మా తమ్ముడు చొక్కా గుండీలతో కుస్తీ పడుతుంటే చూస్తూ కూర్చునేది. ఏడు గుండీలకి అరగంట! చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

నా సంగతీ చెప్పుకోవాలి. నాది బస్టాండులో టికెట్ల కౌంటరు. నిమిషానికి ముగ్గురిని పంపకపోతే వరస వీధిలోకి పోతుంది, తిట్లు నా మీదికి వస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఇక నిదానం ఎక్కడ ఒంటబడుతుంది? ముద్దకీ ముద్దకీ మధ్య ఆగితే కంచం తీసేస్తానేమోనని మా ఆయన భయపడుతూ తింటాడు.

తమ్ముడికి నలభై రెండు. పుట్టుకతోనే వాడి బుర్ర నిదానం. కొత్త పని ఒకటి నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది, వచ్చిన పని కూడా మధ్యలో ఆగిపోతుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, చెప్పులు తొడిగింది. అమ్మ పోయాక రెండేళ్ళు ఊరి చివర పెద్ద హాస్టల్లో ఉన్నాడు. నలభై మంచాలు, అందరికీ ఒకే రంగు చొక్కాలు, గంట కొడితే తినాలి, గంట కొడితే పడుకోవాలి. అక్కడ వాడు మాట్లాడటమే దాదాపు మానేశాడు. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో, చివరికి ఈ ఇంట్లో చోటు దొరికింది. ఇక్కడ నలుగురే ఉంటారు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళది. పగలు సాయానికి ఈవిడ, రాత్రికి ఇంకొకాయన.

నలుగురూ ఆవిడను పిన్నీ అంటారు. యాభై దాటిన మనిషి. అంతకుముందు పదహారేళ్ళు ఒక ఆస్పత్రిలో ఆయా. గంటలో పన్నెండు మందికి ఒళ్ళు తుడిచి, పక్కలు మార్చేదట. ఒకరోజు ఒక ముసలాయన, “ముఖం నేనే కడుక్కుంటానమ్మా” అన్నాడట. టైము లేదు తాతా అని ఈవిడే తడిబట్టతో గబగబా తుడిచేసి పక్క మంచానికి వెళ్ళిపోయింది. మర్నాటికి ఆ మంచం ఖాళీ. “ఆఖరికి అదొక్కటే అడిగాడమ్మా, అదీ చెయ్యనివ్వలేదు” అని చెబుతూ ఇప్పటికీ కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. ఆ నెలలోనే ఆస్పత్రి మానేసి ఇక్కడ చేరింది. ఇదంతా నాకు తరువాత తెలిసిన సంగతి. అప్పటికి నాకు తెలిసింది కుర్చీ ఒక్కటే.

ఒక ఆదివారం సాయంత్రం, తమ్ముడు చెప్పులు వెతుక్కుంటుంటే ఊరికే కూర్చోలేక వంటింటి గూట్లో ఉన్న రోజువారీ పుస్తకం తీశాను. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. తమ్ముడి పేజీలో స్నానం, బట్టలు, టిఫిను, గది ఊడవడం అని వరసగా ఉంది. ఎదురుగా ‘చేసిన సాయం’ అనే గడి. అందులో ఆవిడ గుండ్రటి అక్షరాలతో ‘ఏమీ లేదు’ అని రాసింది. కింద మళ్ళీ ‘ఏమీ లేదు’. నెల పొడుగునా అదే. కొన్నిచోట్ల కింద గీత కూడా గీసింది, అదేదో ఘనకార్యమైనట్టు!

ఔరా, ఏమీ చెయ్యకపోవడమే కాక రాసి మరీ పెట్టుకుందే అనుకున్నాను. అడిగి తెలుసుకోవచ్చుగా? అంత ఓపికే ఉంటే నేను నేనెందుకవుతాను! ఆ రాత్రే పై ఆఫీసుకి రెండు పేజీల ఉత్తరం రాసి పడేశాను. మా తమ్ముణ్ణి పట్టించుకునే దిక్కు లేదు, కావాలంటే పుస్తకం చూడండి అని.

ఎనిమిది రోజులకి, సోమవారం, ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. “గురువారం మా ఆఫీసరు వస్తారండీ. మీరు రాసింది నిజమైతే ఆవిణ్ణి తీసేస్తాం. ఇంకో మనిషి దొరికేదాకా మీ తమ్ముణ్ణి పెద్ద హాస్టల్‌కి మారుస్తాం.”

మళ్ళీ ఆ నలభై మంచాల్లోకా! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ నాకు కోటిసార్లు చెప్పి ఉంటుంది. ఆ మూడు రోజులూ కౌంటరులో ఎవరికి ఏ ఊరి టికెట్టు ఇచ్చానో నాకే తెలియదు.

గురువారం సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. ఆఫీసరు అప్పటికే వంటింటి బల్ల దగ్గర పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పొడుగ్గా, కళ్ళద్దాలతో, నవ్వని మనిషి. ఆవిడ పక్క కుర్చీలో ఉంది. చేతులు యథాప్రకారం తొడల కింద. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది కానీ నన్ను చూసి, “రండమ్మా, కూర్చోండి. తమ్ముడు టీ పెడుతున్నాడు” అంది. ఉత్తరం రాసింది నేనేనని ఆవిడకి తెలుసు. అయినా రండి అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తమ్ముడు గిన్నెలో నీళ్ళు పోశాడు. మూత తీసి టీపొడి వేశాడు. పొయ్యి మీద పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. చేతులు వేలాడేసి పొయ్యి వంక చూస్తున్నాడు. ఎదురుగానే లైటరుంది, వాడికి కనబడటం లేదు. నేను కుర్చీలోంచి లేవబోయాను.

“వద్దమ్మా,” ఆవిడ గొంతు తగ్గించి అంది, “మనసులో ఇరవై లెక్కపెట్టండి. అప్పటికీ కాకపోతే నేనే లేస్తా.”

నేనా, ఇరవయ్యా! ఐదు దగ్గరే నా అరికాళ్ళు దురదపెట్టాయి. ఎనిమిది. తొమ్మిది. నా చేతులు వాటంతటవే పైకి లేస్తుంటే ఆవిడలాగే తొడల కింద అదిమి పెట్టాను. పదిహేడు అనుకునేసరికి టక్కుమని మంట వెలిగింది. తమ్ముడు వెనక్కి తిరిగి చూడనైనా లేదు, వాడి పనిలో వాడున్నాడు.

“ఇరవై లోపు ఆయనే చేసుకుంటే నేను చెయ్యి పెట్టినట్టు కాదు సార్,” అంది ఆవిడ ఆఫీసరుతో. “అందుకే ఏమీ లేదని రాశా. మొదట్లో ఈయన పేజీ నిండా నా సాయమే. లేని రోజు వస్తే పండగలాగుండేది నాకు. తప్పు రాశానా?”

ఆయన పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పి చూశాడు. తమ్ముడు నాలుగు గ్లాసులు తెచ్చి పెట్టాక వాణ్ణే అడిగాడు. “ఏం బాబూ, ఈ పిన్ని నీకేం చేస్తుంది?”

“ఏమీ చెయ్యదు,” అన్నాడు తమ్ముడు ఠక్కున.

అయిపోయింది, మా కొంప మునిగింది అనుకున్నాను. ఆఫీసరు కలం తీశాడు. “ఏమీ చెయ్యకపోతే ఇక్కడెందుకు మరి?”

తమ్ముడు ఆలోచించాడు. ఈసారి లెక్క ఇరవై దాటిపోయింది, ముప్ఫై కూడా దాటింది. ఆవిడ లేవలేదు.

“నేను చేస్తుంటే చూస్తది,” అన్నాడు వాడు. “ఇంకెవరూ చూడరు. వాళ్ళే చేసేస్తారు.”

ఆ ఇంకెవరిలో అమ్మ ఉంది, హాస్టలుంది, నేనున్నాను. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. “అయ్యా, ఆ ఉత్తరం రాసిన తొందరపాటుదాన్ని నేనే. చించి పారేయండి” అన్నాను.

“చించకూడదమ్మా, ఇంకోటి రాయండి,” అని కాగితం ఇచ్చాడు. రాశాను. నా జన్మలో అంత నిదానంగా ఏ కాగితమూ రాయలేదు. ఆయన చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆవిణ్ణి మార్చే పని లేదు, తమ్ముడు ఎక్కడికీ కదలనక్కర్లేదు అన్నాడు. తరువాత ఆవిడ వైపు తిరిగాడు. “కానీ అమ్మా, ఆ గడిలో ఇకమీదట ఆయన సొంతంగా ఏం చేశాడో రాయండి. చదివేవాళ్ళు భయపడుతున్నారు.”

“అదంతా రాయాలంటే ఈ పుస్తకం చాలదు సార్,” అంది ఆవిడ. అప్పుడు నవ్వాడు ఆయన.

ఆయన వెళ్ళాక ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. “పోనీలెండమ్మా, తమ్ముడి మీద ప్రేమేగా” అని గ్లాసుల వైపు చూపించింది. “టీ చల్లారిపోయింది, తాగండి.” చక్కెర వెయ్యడం మరిచాడు. పూర్తిగా తాగాను.

ఇంకాసేపు ఉందామని కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. మధ్యాహ్నం వంట వంతు తమ్ముడిదట. బంగాళాదుంపల బుట్ట బల్ల మీద పెట్టుకుని, ఒక దుంప చేతిలోకి తీసుకుని, నా వంక చూశాడు.

“అక్కా, ఇంక వెళ్ళు. నాకు పనుంది.”

నలభై రెండేళ్ళలో వాడి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. సంచీ తీసుకుని, సరేనని, ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేశాను.