బావగారి భాగహారం

మా బావగారికి ఒక్కటే జబ్బు. కరెంటుతో నడిచే వస్తువు కంటపడితే చాలు, మీటరు తీస్తారు. వోల్టులు కొలుస్తారు, ఆంపియర్లు కొలుస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి నిరోధం ఎన్ని ఓములో చెబుతారు. రెండింటినీ గుణించి ఎన్ని వాట్లు తింటోందో చెబుతారు. అంతవరకూ ఆయన అన్నం తినరు, మనల్ని తిననివ్వరు. పోనీ ఆయనేమైనా కరెంటు పని చేస్తారా అంటే, ఉన్నది చెప్పుల దుకాణం.

మా అక్క మిక్సీ బయటికి తీస్తే చాలు, "ఆగవే, ఇవాళ ఎన్ని ఆంపియర్లో చూడనీ" అంటూ వచ్చేస్తారు.

"చూసి ఏం చేస్తారు?"

"రోజూకన్నా ఎక్కువ లాగితే, లోపల తిరగడానికి కష్టపడుతోందని అర్థం."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ తిరుగుతూనే ఉన్నాను. నాకెప్పుడైనా పెట్టారా మీటరు?"

పక్కింటాయన పాపం కొత్త ఇస్త్రీపెట్టె చూపించి మురిసిపోదామని పిలిచాడు. బావగారు మీటరు పెట్టి, "రెండువందల ముప్పై వోల్టులు, నాలుగు ఆంపియర్లు. తొమ్మిదివందల ఇరవై వాట్లు. పెట్టెమీద వెయ్యి అని రాసుంది, తిరిగి ఇచ్చెయ్యండి" అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ వస్తువు కొన్నా మా గుమ్మం ముందునుంచి దుప్పటి కప్పి తీసుకెళ్ళేవాడు.

ఇది చాలదన్నట్టు బావగారు ఎముకలు కొరికే చలిలోనూ చన్నీళ్ళు పోసుకునేవారు. "నరాలకు మంచిది మరదలా" అని నాకు హితబోధ చేస్తూనే వరసగా తుమ్మేవారు.

మా అమ్మకి ఊపిరితిత్తులు బలహీనపడ్డాక అక్క వాళ్ళింటికి వచ్చేసింది. తోడుగా నేనూ వచ్చాను. వెనక గదిలో ఆమె మంచం పక్కనే, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంలోకి పంపే మిషను ఉండేది. అది ఆగితే అమ్మ కాసేపు కూడా తట్టుకోలేదు. బావగారు రోజూ పొద్దున్నే వచ్చి, అమ్మ వంక చూడకుండా ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి, "ఒకటిన్నర ఆంపియర్లు. మూడువందల నలభై ఐదు వాట్లు" అని వెళ్ళిపోయేవారు.

"మీ బావగారు మిషన్నయితే పలకరిస్తారు, మనిషిని పలకరించరు" అని అమ్మ సణిగేది. ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు.

ఒక సాయంత్రం హోరున వాన. మిషను ఉన్నట్టుండి కూతలు పెట్టడం మొదలుపెట్టింది. ఎర్రదీపం వెలిగింది. అమ్మ గుండెమీద చెయ్యి వేసుకుని లేచి కూర్చుంది. అవసరానికని విడిగా ఉంచిన ఆక్సిజన్ సిలిండరు పొద్దున్నే అయిపోయింది, కొత్తది తెచ్చే బండి వాననీళ్ళలో ఎక్కడో ఇరుక్కుంది. అక్క అంబులెన్సుకు ఫోన్ చేస్తే, వస్తున్నాం కానీ దారి మునిగింది అన్నారు. అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి.

బావగారు మీటరుతో వచ్చి ప్లగ్గు దగ్గర చతికిలబడ్డారు.

"నూటడెబ్భై వోల్టులు. రెండు ఆంపియర్లు" అన్నారు.

"ఏవండీ, అమ్మకి ఊపిరాడటం లేదు. ఇప్పుడా మీ లెక్కలు?" అని అరిచింది అక్క.

"ఒక్క నిమిషం. గుణిస్తే మూడువందల నలభై. దాదాపు రోజూ తీసుకునేదే. మిషను బాగానే ఉంది."

"ఊరంతా కరెంటు తక్కువగా వస్తోందేమో" అన్నాను.

ఆయన ముందు గదిలోకి పరిగెత్తి అక్కడి ప్లగ్గులో మీటరు పెట్టారు. "ఇక్కడ రెండువందల ముప్పై ఉంది. అరవై వోల్టులు దారిలో పోతున్నాయి. అరవైని రెండుతో భాగిస్తే ముప్పై ఓములు. ఈ కాస్త తీగకి ఒక్క ఓము కూడా ఉండకూడదు."

"బావగారూ, మీకు దండం పెడతాను, భాగహారం ఆపండి."

"భాగహారం అయిపోయింది. ఇక గుణకారం. అరవై ఇంటూ రెండు, నూటఇరవై వాట్లు. గోడమీద ఎక్కడో తీగ అతుకు నిప్పులా కాలుతోంది. ముందు గదినుంచి పొడుగు వైరు లాగు, త్వరగా."

లాగాను. ఆయన మిషను ప్లగ్గు దానికి మార్చి, వెనక గది లైను ఆపేశారు. కూతలు ఆగాయి. ఎర్రదీపం ఆరింది. అమ్మ ఒక్కొక్క ఊపిరే పీలుస్తూ మెల్లగా దిండుకు ఒరిగింది. అక్క గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఆ తర్వాత అంబులెన్సు వాళ్ళు వచ్చి, అమ్మను పరీక్షించి, భయం లేదని చెప్పి వెళ్ళారు.

నేను స్టూలెక్కి అతుకు కోసం వెతికాను. స్నానాలగది తలుపు పైన వాననీళ్ళు దిగి, అతుకు మసిబారి ఉంది. దానిమీది ప్లాస్టిక్ కరిగిపోయింది. ఇంకాసేపుంటే ఇల్లంటుకునేది. బెదురు తగ్గేసరికి నాకు కోపం పొంగుకొచ్చింది.

"గీజరు కూడా ఈ తీగకే కదా బావగారూ? మాకు చన్నీళ్ళ కబుర్లు చెప్పి, మీరు చాటుగా వేడినీళ్ళు పోసుకుని తీగను కాల్చేశారన్నమాట."

నేను గీజరు వంక చూశాను. దాని వైరు ఊడదీసి ఉంది. చివర్లకు టేపు చుట్టి ఉంది. టేపుమీద దట్టంగా దుమ్ము.

"ఇదెప్పుడు తీశారు?" అంది అక్క.

"అత్తయ్యగారు వచ్చిన రోజే" అన్నారు బావగారు, తప్పు చేసి దొరికిపోయినట్టు. "పాత తీగ. గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. అది వేస్తే ఆవిడ మిషనుకు వోల్టులు తగ్గుతాయి. చెబితే మొహమాటపడి, వెళ్ళిపోతానంటారని చెప్పలేదు."

నాకు ఆ తుమ్ములన్నీ గుర్తొచ్చాయి. ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, స్టూలు దిగడం మర్చిపోయాను.

"అల్లుడుగారూ" అని పిలిచింది అమ్మ. బావగారు ఉలిక్కిపడి మంచం దగ్గరికి వెళ్ళారు.

"గ్యాసు పొయ్యి ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది?"

ఆయన చేతిలోని మీటరు వంక చూసుకున్నారు. "అసలు తీసుకోదండీ."

"మరి దానిమీద ఓ గిన్నెడు నీళ్ళు కాచుకోవచ్చని ఇన్నాళ్ళూ తట్టలేదా నాయనా?"

బావగారికి జవాబుగా తుమ్ము వచ్చింది. అక్క అప్పటికే వంటింట్లో పొయ్యి వెలిగించింది.