పరమాణువు పాఠం చెప్పిన సాయంత్రం

మొన్న రియాద్‌లో మా అమ్మాయి సైన్సు పుస్తకం సర్దుతుంటే పరమాణువు బొమ్మ కనిపించింది. వెంటనే నా చిన్నప్పుడు ఇదే సౌదీలోని హుఫూఫ్ ఊళ్లో మేమున్న ఇరుకు గది గుర్తొచ్చింది. నాన్న అక్కడ ఏసీ మెకానిక్. నేను ఇండియన్ స్కూల్లో చదివేదాన్ని.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి పడుకుని ఉంది. కడుపులో పాప పోయిందని నాన్న గడప దగ్గరే చెప్పాడు. గదంతా మందుల వాసన. అమ్మ గోడవైపు తిరిగి, "అంతా ఖాళీ అయిపోయింది," అంటోంది.

ఆ రోజే టీచరు పరమాణు నిర్మాణం చెప్పింది. అమ్మను ఓదార్చడానికి అంతకన్నా మంచి మాట లేదనుకున్నాను.

"ఏడ్వకమ్మా. అన్నీ ఖాళీయేనట. గోడ, మంచం, మనం గూడ. పరమాణువు నడుమ చిన్న కేంద్రకం ఉంటదట. ఎలక్ట్రాన్లు యాడనో దూరంగ తిరుగుతయట. మిగిలిందంత ఖాళీయేనట."

అమ్మ నావైపు తిరిగింది.

"మరి గింత బరువెందుకున్నది బిడ్డా?"

"బరువంత నడుమ కేంద్రకంలనే ఉంటదమ్మా," అన్నాను ఉత్సాహంగా.

అమ్మ నా చెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకుంది. "నిజమే బిడ్డా," అంది. సరైన జవాబు చెప్పానని సంబరపడ్డాను. నాన్న మాత్రం పాప కోసం కొన్న చిన్న గౌన్లన్నీ సంచిలో కుక్కి, బయటికి వెళ్లిపోయాడు.

అమ్మ అడిగింది పాఠం గురించి కాదని నేను తల్లినయ్యాకే తెలిసింది. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ పాప మాట ఎత్తలేదు. మేమూ అడగలేదు.