ఎరువు బస్తా ఎవరు మోశారు?

మా ఆర్థికశాస్త్ర విభాగంలో నాకొక చేతుల కుర్చీ ఉండేది. ఒకసారి ఎవరో అతిథి వస్తున్నాడని దాన్ని సెమినార్ గదికి పట్టుకుపోయారు. మళ్లీ తెచ్చిపెట్టలేదు. అడిగితే మా విభాగాధిపతి "కాంట్రాక్టు వాళ్లకు ఏ కుర్చీ అయితే ఏంది మేడం" అన్నాడు. రాసి ఫిర్యాదు ఇచ్చాను. నకలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇట్లాంటివి నేను మరచిపోను. నా ఈ గుణం వల్లే ఒక ఆడమనిషికి చేతి కింద ఉన్న చేను పోయింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు రైతులకు ఎకరానికి ఇంత అని పెట్టుబడి సాయం మొదలైంది. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే అది అందేది. నిజంగా దున్నేవాళ్లకు చేరుతోందా అని మా విభాగం ఒక సర్వే తలపెట్టింది. నివేదిక ప్రభుత్వానికి వెళ్తుందన్నారు. ఆత్మకూర్ దగ్గరి ఒక ఊరు నా వంతుకు వచ్చింది. కొత్తకోటలో బస్సు మారి పోయేదాన్ని.

మాకిచ్చిన ఫారంలో పట్టాదారు పేరుకే గడి ఉంది. కౌలుకు చేసేవాళ్లకూ ఒక గడి పెట్టమని ప్రతి సమావేశంలో అడిగాను. "పెట్టినా ఎవ్వరు చెప్పరు మేడం" అన్నాడు విభాగాధిపతి. ఆ మాట నిజమే. ఈ దిక్కు కౌలును గుత్త అంటారు, అది నోటి మాట మీద నడుస్తుంది. ఉగాదికి ముందు చేనుగల ఆయనా, పట్టేవాళ్లూ కూర్చుని మాట అనుకుంటారు, అంతే. కాగితం మీద పేరెక్కితే చేను దున్నేవాళ్లదైపోతుందని భూమి ఉన్నవాళ్లకు తాతల నాటి భయం. అందుకే "గుత్తకు చేస్తున్నవా?" అని అడిగితే ఎవరైనా "లేదు, కూలికే" అంటారు. నేను ఆ ప్రశ్నే అడగలేదు. దుకాణం నుంచి ఎరువు బస్తా ఎవరు మోశారని అడిగేదాన్ని. జవాబు ఫారం అంచున రాసుకునేదాన్ని. చేనుకు పెట్టుబడి పెట్టేవాళ్లే బస్తా తెచ్చుకుంటారు. ఈ ఉపాయం నాది.

చేను పోయిన ఆ ఆడమనిషికి యాభై దాటి ఉంటాయి. పల్లిచేనులో ఒంటరిగా కలుపు తీస్తోంది. గట్టు మీద నడుమెత్తు రాళ్ల కుప్ప ఉంది.

"బస్తా ఎవరు మోసిండ్రమ్మా?" అన్నాను.

"ఇంకెవరు మోస్తరు బిడ్డా? మా ఇంటాయన నడుము పడిపాయె. నేనే నెత్తిన వెట్టుకోని తెచ్చిన. పటేలు కొత్తకోటల ఫ్యాను కింద కూసుంటడు, ఆయనొచ్చి మోస్తడా?" అని నవ్వింది. "సర్కారు పైసలు మాత్రం ఆయన ఫోన్లకే టింగుమని వస్తయి."

"ఈ రాళ్లు?"

"అన్నీ నేను ఏరినయే. ఈ చేన్ల ముందు నాగలి దిగకపోతుండె."

కొంగులోంచి ఉడకబెట్టిన పల్లికాయ తీసి నా చేతిలో పోసింది. ఫారం మీద వేలిముద్ర అడిగితే మాత్రం జంకింది. "గీ ముద్ర ఎవరన్న చూస్తరా బిడ్డా?" అంది.

"ఎవ్వరికీ చూపియ్యం అమ్మా. మా ఆఫీసులనే ఉంటది."

ఆ మాట అన్నది నేనే.

తిరిగి వచ్చాక విభాగంలో అందరి ముందూ నా ఫారాలు పెట్టాను. విభాగాధిపతి నాలుగు తిరగేసి, "అంచులల్ల ఈ కథలేంది మేడం? ఆత్మకూర్ బస్టాండ్ల కూసోని నింపిండ్రా ఏంది?" అన్నాడు. విద్యార్థులు నవ్వారు. ఎండలో చేను చేనూ తిరిగిన మనిషిని నేను. వాళ్లలో ఎవరెవరు నవ్వారో ఈ రోజు అడిగినా చెప్పగలను.

ఆయన నోరు మూయించాలనుకున్నాను. ఊళ్లోనే, పంచాయతీ ఆఫీసులో, జనం ముందు ఫారాలు చదివి సరిచూసుకుందాం, మీరూ రండి అన్నాను. ఆయన వచ్చాడు. కబురు తెలిసి కొత్తకోట నుంచి ఆ పటేలూ వచ్చాడు. ఆయన్ని చూసైనా నేను ఆగాల్సింది.

ఒక్కొక్కటే చదువుతూ ఆ చేను దగ్గరికి వచ్చాను. పట్టాదారు పేరు చదివాను. సాగు చేస్తున్నది ఎవరో కూడా చదివాను. పటేలు కోప్పడలేదు. నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"ఏమమ్మా, నా చేను నీకు గుత్తకిచ్చిన్నా? నాకు యాదికే లేదు."

ఆమె గోడ దగ్గర నిలబడి ఉంది. "లేదు పటేలా. కూలికి చేస్తున్న" అంది.

అక్కడితో నేను ఊరుకుంటే ఆమె గట్టెక్కేది. కానీ విభాగాధిపతి నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. నా ఫారం అబద్ధమని తేలిపోతోంది. అంతకు మించి నాకేమీ కనబడలేదు.

"బస్తా నేనే మోసిన అన్నవు కదమ్మా? రాళ్లు నేనే ఏరిన అన్నవు కదా? ఇగో నీ ఏలుముద్ర" అని కాగితం పైకెత్తి అందరికీ చూపించాను.

ఆమె నన్ను చూసింది. తర్వాత నేలను చూసింది. బయటికొచ్చాక విభాగాధిపతి "ఫారాలు మంచిగనే ఉన్నయి మేడం" అన్నాడు. నా పని గురించి ఆయన నోట విన్న మంచి మాట అదొక్కటే. దారి పొడుగునా దాన్నే తలచుకుంటూ సంతోషంగా బస్సులో వచ్చాను.

నివేదిక అచ్చయింది. ఊరి జనం ముందు సరిచూసిన సర్వే అని ముందుమాటలో గొప్పగా రాసుకున్నారు. నా పేరు ఎక్కడా లేదు. దాని మీద మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఎవరు ఏ రోజు ఏమన్నారో అన్నీ పెట్టాను. ఆమె సంగతి మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేదు. అప్పటికి ఉగాది దాటింది. ఆమెకేమైందో కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు.

వానలు పడ్డాక నివేదిక ప్రతి ఒకటి పంచాయతీలో ఇవ్వడానికి వెళ్లాను. ఆ చేనులో ఈసారి పత్తి వేశారు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరుసగా కలుపు తీస్తున్నారు, వాళ్లలో ఆమె ఉంది. గట్టు మీద రాళ్ల కుప్ప అట్లాగే ఉంది.

నన్ను గుర్తుపట్టి లేచి వచ్చింది. చేతిలో కొడవలి అట్లాగే ఉంది.

"చేను వేరేటోళ్లకిచ్చిండు బిడ్డా. ఉగాది ముందల్నే" అంది. గొంతులో కోపం లేదు. తిడుతుందని, ఆమె లేచి వస్తుండగానే జవాబు సిద్ధం చేసుకున్నాను. అది చెప్పే అవసరమే రాలేదు.

"అమ్మా, ఆ రోజు నేను..."

"నేను అబద్ధమాడితె నువ్వు ఒప్పుకోలేదు గద. ఇప్పుడు అబద్ధం లేదు. కూలికే చేస్తున్న. రాసుకుంటె రాసుకో."

సంచిలో ఫారాలు ఉన్నాయి, పెన్నూ ఉంది. నేను చెయ్యి పెట్టలేదు. అవతల నుంచి ఎవరో "ఏందక్కా, నీ సాలు ఎనుకవడ్డది" అని కేకేశారు.

"దూపైతుందా? గా చెట్టు కింద బిందె ఉంది, తాగిపో" అని చెప్పి ఆమె తన సాలులోకి వెళ్లి కూర్చుంది.