నెల్డా కుట్టిన బనియన్లు

వెల్డన్ ప్రూయిట్ నడుముకు తుపాకీ ఉంటుందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన ఎవరికీ చూపించింది లేదు. చొక్కా ఎప్పుడూ బయటికే వదిలేవాడు. వంగినప్పుడూ లేచినప్పుడూ అంచు పైకి పోకుండా చేత్తో సర్దుకునేవాడు. కాని బట్టలు ఉతికిన రోజున మా కంచెకు అవతల, వాళ్ళ పెరట్లో, తెల్ల బనియన్లు తాడు మీద వరసగా వేలాడేవి. అన్నీ మోకాళ్ళ దాకా వస్తాయేమో అన్నంత పొడుగు. ప్రతి దానికీ కుడి పక్క నడుము దగ్గర అరచేతంత మెత్తటి ఫ్లానెల్ గుడ్డ మాసిక.

షెరిఫ్ దగ్గర పనిచేసి రిటైరైన గేలన్ ఒకసారి కంచె మీద మోచేతులు ఆనించి అననే అన్నాడు. "తుపాకీ దాచుకుని తిరగడానికని ప్రభుత్వం వాడికి కాగితం ఇచ్చింది నెల్డా. నువ్వేమో దాన్ని తాడు మీద ఆరేస్తున్నావ్."

"మీ ఆవిడ నీ లోపలి బట్టలు ఆరేస్తే ఊళ్ళో వాళ్ళకి ఇంకేం తెలుస్తాయో," అంది వెల్డన్ భార్య నెల్డా, నోట్లో క్లిప్పు పెట్టుకునే.

నేను ఆ ఇంటి పక్కకి కాపురానికి వచ్చేనాటికి ఈ బనియన్ల సంగతి పాతబడిపోయింది. అసలు కథ నాకు మిస్ నెల్డా నోటి నుంచే (పెళ్ళైనా సరే, పెద్దావిణ్ణి ఇక్కడ అలాగే అంటాం), చాలా ఏళ్ళ మీద, కొంచెం కొంచెంగా తెలిసింది.

వెల్డన్, ఆయన తమ్ముడు లియన్ కలిసి నది రోడ్డు మీద దాణా కొట్టు నడిపేవారు. పశువుల దాణా, కోళ్ళ మేత, ముళ్ళ తీగ, ఉప్పు దిమ్మలు. వెల్డన్ మాట్లాడే మనిషి కాదు. బస్తాలు ఎత్తడం, బండిలో వెయ్యడం ఆయన పని. గల్లా దగ్గర లియన్. అతనికి పెళ్ళి కాలేదు, రాత్రి భోజనం అన్న ఇంట్లోనే. కొట్టుకొచ్చిన వాళ్ళని ముందు వాళ్ళ ఆవుల గురించి అడిగేవాడు, పేరుపేరునా. పెళ్ళాల గురించి తర్వాత అడిగేవాడు. పిల్లలంటే ప్రాణం. వెల్డన్ కూతురు టాన్యాకి సైకిలు నేర్పిందీ అతనే, క్యాట్‌ఫిష్ పట్టడం నేర్పిందీ అతనే.

సాయంత్రం కొట్టు డబ్బు బ్యాంకుకు తీసుకెళ్ళాలి కనుక వెల్డన్ అప్పటికే తుపాకీ పెట్టుకునేవాడు. బెల్టు లోపల, కుడి తుంటి వెనక, తోలు ఒరలో. అప్పట్లో దాని కింద బనియన్ లేదు. మా ఆర్కన్సా రాష్ట్రంలో జూలై ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలి తడిబట్టలా ఒంటికి చుట్టుకుంటుంది. ఎత్తిన ప్రతి బస్తా వచ్చి ఆ తుంటికే ఆనుతుంది. పిడి మీది గరుకు గీతలు చర్మాన్ని రాసి రాసి, చెమటపొక్కులు చితికి, అక్కడ పుండు పడింది. ఒకరోజు పొద్దున్నే పౌడరు అద్దుతూ నెల్డా దాన్ని చూసింది.

"ఈ ఒక్క రోజుకీ తీసెయ్యి వెల్డన్. పుండు ఆరనీ," అంది.

ఆయన తీసేశాడు. ట్రక్కులో, ముందు అరలో పెట్టి తాళం వేశాడు.

ఆ మధ్యాహ్నం ఈ ఊరివాడు కానివాడొకడు కొట్టులోకి వచ్చాడు. వెల్డన్ వెనక షెడ్డులో బస్తాలు పేరుస్తున్నాడు. తుపాకీ పేలిన చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి గల్లా తెరిచి ఉంది, లియన్ దాని కింద ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. ఆ మనిషి పక్క రాష్ట్రంలో దొరికాడు, జైలుకు పోయాడు. అప్పటికి ఉద్యోగంలో ఉన్న గేలన్ వెల్డన్ని కూర్చోబెట్టి ఎన్నోసార్లు చెప్పాడు. "షెడ్డు నుంచి నువ్వొచ్చేలోపే అయిపోయింది. తుపాకీ నీ నడుముకున్నా, ట్రక్కులో ఉన్నా, చంద్రుడి మీదున్నా ఒకటే." వెల్డన్ తల ఊపేవాడు. నమ్మలేదు.

నెల్డాని ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమె నాతో అంది.

అంత్యక్రియలైన మర్నాటి నుంచి ఆయన నడుము ఖాళీగా ఉండటం ఎవరూ చూడలేదు. పుండు మాననే లేదు. దాని మీదే ఒర పెట్టుకునేవాడు. రక్తం చొక్కాకి అంటుకుని ఎండిపోయేది. మందు రాస్తానంటే పక్కకి తిరిగేవాడు. తీసెయ్యి అనే మాట ఇక నెల్డా నోట రాదు. అందుకని ఆమె బనియన్లు మొదలుపెట్టింది.

ముందు కొట్లో దొరికే మామూలువి తెచ్చింది. బస్తా ఎత్తితే అవి పైకి జరిగి ఒర కింద ఉండ చుట్టుకునేవి, అది ఇంకా బాధ. పొడుగు మనుషుల సైజు తెచ్చింది. పక్క కుట్టు సరిగ్గా పిడి కింద పడి ఒరుసుకునేది. దాన్ని విప్పి, కుట్టును పొట్ట వైపుకు జరిపి మళ్ళీ కుట్టింది. తర్వాత టాన్యా పాత రాత్రి గౌను కత్తిరించి, ఫ్లానెల్ మాసిక వేసి, దాని అంచులు లోపలికి కాకుండా బయటికి మడిచింది. ఇలా చేస్తే చర్మానికి ఇనుము తగలదు, ఇనుముకు చెమట తగలదు. వెల్డన్ వంటగదిలో చేతులు పైకెత్తి నిలబడేవాడు, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గుండుసూదులు గుచ్చేది.

"వంగు."

వంగేవాడు.

"ఒరుసుకుంటోందా?"

"లేదు."

"నిజం చెప్పు."

"కొంచెం. వెనక వైపు."

లియన్ పోయాక ఆ ఇంట్లో భార్యాభర్తలు అంత దగ్గరగా నిలబడి మాట్లాడుకున్నది ఆ బనియన్ల కోసమేనట. పుండు మానింది. నల్లటి మచ్చ మిగిలింది.

చాలా ఏళ్ళ దాకా ఆ తుపాకీని ఆయన ఎవరి మీదా ఎత్తలేదు. చర్చిలో తలుపు పక్కన చివరి బల్ల ఆయనది. కెఫేలో గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు, తింటూ తలుపు వైపే చూసేవాడు. టాన్యాకి పెళ్ళై కూతురు పుట్టింది. ఆ పిల్ల బడిలో పాట పాడిన రోజున నెల్డా మొదటి వరసలో కూర్చుంది. బడిలోకి తుపాకీ తీసుకుపోకూడదు, అది లేకుండా వెల్డన్ ఎక్కడికీ పోడు. రోడ్డు అవతల ట్రక్కులో కూర్చుని, అద్దం దించుకుని, తలుపు తెరిచినప్పుడల్లా బయటికొచ్చే పాట ముక్కలు విన్నాడు. మనవరాలు పరిగెత్తుకొచ్చి, "తాతా, నా పాట వినపడిందా?" అని అడిగితే, "అందరి గొంతులోనూ నీదే పైన ఉంది," అన్నాడు.

వయసు మీద పడ్డాక ఆయనకు మతిమరుపు మొదలైంది. కోళ్ళ మేత అడిగిన వాళ్ళకి గుర్రాల దాణా వేసేవాడు. నెల్డా కొట్టుకు వెళ్ళి గల్లా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి, ఇంట్లో తోచక వస్తున్నానని అందరికీ చెప్పింది. ఒకరోజు ఇంటి దారి మరిచిపోయి నది ఒడ్డున ట్రక్కు ఆపుకుని కూర్చుంటే గేలన్ వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత కొట్టు మూసేశారు. అయినా పొద్దున్నే బనియన్, బెల్టు, ఒర, తుపాకీ. పేర్లు మరిచినా చేతులు ఆ వరస మరవలేదు.

ఒక ఆదివారం టాన్యా కోడికూర గిన్నె గుడ్డలో పట్టుకుని వెనక తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఆ తలుపు చిన్నప్పటి నుంచీ ఆమె తట్టి ఎరగదు. వెల్డన్ బల్ల దగ్గర నుంచి లేచాడు. తుపాకీ ఆమె గుండెకు ఎదురుగా ఉంది.

"ఎవరు నువ్వు? గల్లా దగ్గర్నుంచి పక్కకి జరుగు."

టాన్యా గిన్నె వదల్లేదు. "నాన్నా, నేను టాన్యాని. కూర తెచ్చాను. చెయ్యి కాలుతోంది, బల్ల మీద పెట్టనా?"

నెల్డా పొయ్యి దగ్గర నుంచి అంతా చూస్తోంది. చివరికి ఆయన, "పెట్టు, పెట్టు," అని తుపాకీ దించి ఒరలో పెట్టుకుని, కూర్చుని మళ్ళీ తినసాగాడు. టాన్యా మా పెరట్లోకి వచ్చి, నీళ్ళ పంపు పక్కన చతికిలబడి వాంతి చేసుకుంది.

సాయంత్రం గేలన్ వచ్చాడు. ముగ్గురం వాళ్ళ వరండాలో నిలబడ్డాం.

"ఒక ఉపాయం ఉంది," అన్నాడు గేలన్. "తూటాను కొట్టే లోపలి సూది తీసేస్తా. గుండు పేలదు. వాడికి తెలియదు. నడుముకు బరువుంటుంది, మనసుకు నెమ్మదిగా ఉంటుంది."

"ఎదుటివాడికి తెలుస్తుందా సూది లేదని?" అంది నెల్డా. "ఈ ఊళ్ళో సగం మంది నడుముకు ఉంది. ఈయన తీస్తే వాళ్ళూ తీస్తారు. వాళ్ళవి పేలతాయి."

గేలన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "మరి నన్ను తీసుకోమంటావా?"

"వద్దు. నేనే అడుగుతా."

ఆయన మనసు తేటగా ఉండే పొద్దు కోసం ఆమె ఆగింది. ఆలోగా తూటాలు తీసి పిండి డబ్బాలో దాచింది. ఒకరోజు స్నానం చేసి వచ్చి ఆయన మంచం అంచున కూర్చుని, "ఈసారి బొబ్బర్లు ఎండిపోయాయి కదూ, వానల్లేక," అన్నాడు. మాట సరిగ్గా ఉంది, కళ్ళు ఆమెను గుర్తుపట్టాయి. నెల్డా బనియన్ చేతిలో పట్టుకుని పక్కన కూర్చుంది.

"వెల్డన్, నువ్వు టాన్యా మీద తుపాకీ ఎత్తావు."

ఆయన గోడ వైపు తిరిగాడు. "కాల్చానా?"

"లేదు."

"భయపడిందా?"

"భయపడింది. నేనూ భయపడ్డాను. అది నాకు ఇచ్చెయ్యి. ఇక పెట్టుకోవద్దు."

ఆయన చెయ్యి తుంటి మీది మచ్చ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి తియ్యలేదు. తర్వాత, కోపం లేకుండా, ఏదో వానల గురించి అన్నట్టే అన్నాడు. "ముందోసారి కూడా నువ్వే తీసెయ్యమన్నావు."

ఆ మాట కోసం తను అన్నేళ్ళు ఎదురుచూసిందని చెప్పింది నాతో.

"అవును. నేనే," అంది.

"పుండు చూసి అన్నావు."

"అవును."

"నెప్పిగా ఉండేది అది," అన్నాడు. బల్ల మీద ఉన్న తుపాకీని ఒరతో సహా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తాడు. ఆమె బనియన్ తొడిగింది.

గేలన్ దాన్ని పట్టుకెళ్ళి ఏం చేశాడో ఆమె అడగలేదు.

దాంతో కష్టం తీరిందనుకున్నాం. తీరలేదు. మర్నాడు పొద్దున్నే బనియన్ వేసుకోగానే ఆయన చెయ్యి మాసిక మీదికి పోయింది. "ఏది? ఎవరు తీశారు?" నెల్డా జరిగింది చెప్పింది. "అసలు నేనెందుకు పెట్టుకునేవాణ్ణి?" అని అడిగాడు. ఆయన దగ్గర అబద్ధం ఆడటం ఆమెకు అప్పటికి చేతకాదు, లియన్ సంగతి చెప్పింది. ఆయన అది అప్పుడే విన్నట్టు విన్నాడు. ముఖం పాలిపోయి, "తమ్ముడా? మా తమ్ముడా?" అంటూ మంచం కోడు పట్టుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. పొద్దున వంటింట్లో ఉంటే ఆ ఏడుపు నాకు కంచె మీదుగా వినిపించేది. చేస్తున్న పని ఆపి నిలబడిపోయేదాన్ని.

చివరికి ఆమెకు కారణం తట్టింది. పేరూ ముఖమూ కాదు, ఆ ఫ్లానెల్ ముక్క ఒంటికి తగలడమే ఆయనకు తుపాకీని గుర్తుచేస్తోంది. బజారుకెళ్ళి మామూలు బనియన్లు, పొట్టివి, మాసిక లేనివి కొనుక్కొచ్చింది. తను కుట్టినవన్నీ పెరట్లో డ్రమ్ములో వేసి కాల్చేసింది. నేను సాయం పడతానంటే, "వద్దు తల్లీ, పొగ వాసన నీ జుట్టుకు పడుతుంది," అంది.

కొత్తవి వేసుకున్నాక ఆయన చెయ్యి తుంటి వైపు పోవడం తగ్గింది, కొన్నాళ్ళకు ఆగిపోయింది. తుపాకీతో పాటు లియన్ చావు కూడా ఆయన మనసులోంచి పోయింది. ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని, "లియన్ ఇంకా రాలేదే. చేపలకు పోదామన్నాడు," అన్నాడు.

నెల్డా బొబ్బరి కాయలు ఒలుస్తోంది. "కొట్టు దగ్గర ఆలస్యమైనట్టుంది," అంది. "ఎవరి ఆవు గురించో అడుగుతుంటాడు."

వెల్డన్ నవ్వాడు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

అప్పట్నుంచి రోజూ ఆ మాటలే. లియన్‌కి జలుబు చేసిందని, లియన్ ట్రక్కు చెడిపోయిందని, టాన్యాకి సైకిలు నేర్పుతున్నాడని ఆమె చెప్పేది. రాత్రి భోజనానికి లియన్ కంచం కూడా పెట్టేది, లేకపోతే ఆయన తినేవాడు కాదు. వెల్డన్ తలుపు వైపు చూడటం మానేశాడు. కెఫేలో నడిమధ్య బల్ల దగ్గర వీపు అందరికీ చూపించి కూర్చుని పీచ్ పళ్ళతో చేసే కాబ్లర్ అనే తీపి వంటకం తిన్నాడు. మనవరాలి బడి పండగకు వెళ్ళి, ఎవరి పిల్లో తెలియకపోయినా అందరికంటే ఎక్కువగా చప్పట్లు కొట్టాడు.

ఫిబ్రవరిలో జ్వరం వచ్చి ఊపిరితిత్తులు నిండిపోయాయి. టాన్యా చెయ్యి పట్టుకునే ఉంది. నెల్డా పొయ్యి మీద గంజి దించడానికి వెళ్ళింది, ఆ లోపల పోయాడు.

సమాధి దగ్గర ఆమె ఏడవలేదు. ఊరంతా ఆమె గుండె దిటవును మెచ్చుకుంది. వారం దాటాక నేను మొక్కజొన్న రొట్టె తీసుకుని వెళ్ళాను. వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముఖం అంతా తడి.

"మిస్ నెల్డా, ఆయన ఇక బాధ లేకుండా ఉన్నారు," అన్నాను, ఏం అనాలో తెలియక.

"వెల్డన్ కోసం కాదు తల్లీ. ఆయన కోసం నెమ్మదిగా ఏడుస్తాను, టైముంది," అంది. "లియన్ కోసం. అప్పట్లో నా మాట వల్లే పోయాడన్న సిగ్గుతో ఏడవలేదు. ఈ రెండేళ్ళూ నోటితో బతికించాను కదా వాణ్ణి. నిన్న రాత్రి కూడా కంచం పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, ఇక అడిగేవాళ్ళు లేరని."

నేను రొట్టె బల్ల మీద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. చీకటి పడినా ఇద్దరం లేచి దీపం వెయ్యలేదు.